మధ్యలో మనిషి

"అయిపోయిందక్కా," అంటూ తమ్ముడు క్లినిక్ మూలనున్న రౌటర్ దగ్గర్నుంచి నడుం పట్టుకుని లేచాడు. పొద్దున్నుంచీ పాస్‌వర్డులన్నీ మార్చి, కన్నం ఎక్కడుందో వెతికి పూడ్చేసరికి అతని కళ్ళు మండిపోతున్నాయి.

అక్క అక్కడ కౌన్సెలర్. మనసు బాగాలేనివాళ్ళు ఆమెకు ఆన్‌లైన్‌లో రాసుకునే మాటలన్నీ ఎవడో దారిలోనే చదివేస్తున్నాడని ఆ ఉదయమే బయటపడింది.

"సిగ్గులేని వెధవ! జనం ఏడుపులు దొంగచాటుగా చదవడానికి వాడికి మనసెలా ఒప్పిందో!" అన్నాడు తమ్ముడు.

అక్క ముందు టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"ఇంతకీ నీకెలా తెలిసింది? వీడు జాడ వదిలే రకం కాదు."

ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది. అందులో పేరు లేని మెసేజ్ ఒకటి ఉంది. "మేడమ్, ఒకమ్మాయి నిన్న మీకు రాసింది. మీరింకా తెరవలేదు. చచ్చిపోతానంటోంది. ముందు ఆమెకి ఫోన్ చెయ్యండి."

తమ్ముడు దాన్ని రెండుసార్లు చదివాడు.

"చేశావా?"

"వాళ్ళమ్మకి చేశాను. తలుపు బద్దలుకొట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గండం గడిచిందట." ఆమె గొంతు తగ్గింది. "నిన్న నాకు ఓపిక లేదురా. పొద్దున చూద్దాంలే అని పడుకున్నాను."

అతను బ్యాగు సర్దుకుంటూ, "ఇకనుంచి అవి నీకు తప్ప ఎవరికీ కనబడవక్కా," అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టుగా.

"అదేరా నా భయం," అంటూ ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, తెరవని మెసేజ్‌లలో మొదటిది తెరిచింది.