పియానో మీద మా ఆయన

“ఛీ! ఇదీ ఒక సంగీతమేనా?” అన్నారు మాస్టారు, ముఖమంతా చేదుగా పెట్టి.

పోటీకి వచ్చిన పియానో రచనల్లో ఇది ఏడోది. పేరు ‘మా ఆయన’; ఏ చప్పుడు దేనిదో స్వరాల కిందే రాసి ఉంది. రాసినవారి పేర్లు అంటించిన కవర్లలో ఉన్నాయి. కాగితాలు కూడా గుమాస్తా తిరగరాసినవే. ముగ్గురు జడ్జీలకూ తెలిసేది నంబరొక్కటే. గెలిచినవారికి వేరే ఊళ్లో రెండేళ్లపాటు ఒక గది, ఒక పియానో, ఏ బాదరబందీ లేకుండా రాసుకునే తీరిక.

వాయించే అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది. పియానో మంద్రస్థాయి మెట్ల మీద ఎవరో కాండ్రించి ఉమ్మారు. తర్వాత టీ జుర్రారు. గోళ్లు కత్తిరించారు, ఒక్కొక్కటే ఎగిరి దుప్పటి మీద టిక్కుమంటూ పడింది. ఆఖర్న గురక. ఆ గురక పక్కన భార్యకొచ్చిన కల: ఆయన కప్పగా మారి సింకులోకి బుడుంగున దూకాడు. సింకు గుటుక్కున మింగేసింది.

లావుపాటి జడ్జి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఇక చాలు!” అన్నారు మాస్టారు, చెవులు మూసుకుంటూ. ఆయన చెవి మామూలు చెవి కాదు. వీధి చివర సైకిలు బెల్లు మోగినా అది ఏ స్వరమో చెప్పేస్తారు. “దుప్పటి మీద గోళ్లా! వాడు మనిషా, పశువా?”

“నా ఓటు దీనికే,” అన్నారు మూడో జడ్జి అయిన మేడమ్.

“నాది నాలుగుకి. అందులో కాస్త పెద్దమనిషి తరహా ఉంది,” అన్నాడు లావుపాటి జడ్జి. “ఇక మీరే తేల్చాలి మాస్టారూ.”

మాస్టారికీ నాలుగే నచ్చింది. కలం తీశారు. కానీ ఆ గోళ్లు చెవిలోంచి పోవడం లేదు.

“ఎన్నేళ్లుగా వేగుతోందో ఆవిడ!”

“ఇరవై రెండేళ్లట. కింద రాసుకుంది,” అన్నారు మేడమ్.

“మరి వాడి మొహాన చెప్పదేం?”

“చెబితే వినే రకమైతే పియానోకెందుకు చెప్పుకుంటుందండీ?”

మాస్టారు కలం కాగితం మీద ఆనించారు.

“సంగీతం సంగతి తర్వాత. ముందు ఆ మహాతల్లిని ఆ కొంపలోంచి బయటపడేద్దాం. రెండేళ్లయినా హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.”

‘ఏడు’ అని రాసి, కింద గీత కూడా గీశారు.

“సంతకాలయ్యాక మార్చడానికి లేదు మాస్టారూ, ఆలోచించుకోండి.”

“ఆలోచించేదేముంది? అలాంటివాడికి తగిన శాస్తి!” అంటూ సంతకం చేశారు.

మేడమ్ ఏడో కవరు చింపి అందించిన చీటీలో ఉన్నది మాస్టారి భార్య పేరు.