ఐదో సాక్షి

ఐదో సాక్షి మూడోసారి కూడా జాబితాకు ఒప్పుకోలేదు. సాయం పంచే అధికారి బల్ల గుద్దాడు.

వరదలో ఇళ్లు పోయిన ఊరంతటికీ సరిపడా పైకప్పు రేకులు బయట లారీలో ఉన్నాయి. రేకులు ఇవ్వాల్సిన ఇళ్ల జాబితా బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ ఖాతాలో ఎక్కితేనే అవి దిగుతాయి. ఒకసారి ఎక్కిందాన్ని ఎవరూ దిద్దలేరు, చెరపలేరు. అందుకే ముందు ఊళ్లోవాళ్లు ఐదుగురు తమ ఫోన్లలో సరేననాలి. ఎవరూ బెదిరించకుండా ఉండాలని అప్పటిదాకా వాళ్ల పేర్లు కూడా బయటపడవు.

ఆరు దాటితే లారీ వెనక్కి పోతుంది. నలుగురు బుద్ధిమంతులు పొద్దున్నే సరేనన్నారు.

"ఆ ఐదోవాడికి నెత్తిన కప్పుంది. అందుకే ఈ వేషాలు" అన్నాడు అధికారి.

బడి హాలు మూల చిరిగిన గుడారం కుడుతున్న ఆవిడ తలెత్తింది. వారంగా అక్కడే కుడుతోంది. ఎవరమ్మా నువ్వని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"ఏటిగట్టు మీది నలభై ఇళ్లు కూడా రాయండి సార్."

"వాళ్ల దగ్గర ఇంటి కాగితాలు లేవు."

"కొట్టుకుపోయినవి కాగితాలే సార్. మనుషులున్నారు."

అధికారికి ఒళ్లు మండింది. కుట్టడానికి వచ్చినవాళ్లు కుట్టుకోవాలన్నాడు. కళ్లెదుటే రేకులు వెనక్కి పోతుంటే చీమ కుట్టినట్టయినా లేదా అని నిలదీశాడు.

"ఎందుకుండదు సార్? అయినా రాయాల్సిందే."

ఆమె సంచీని గుమ్మం అవతల పెట్టించాడు. బయట వాన. ఆమె సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

"నలభై, సార్. ఒక్కటి తగ్గినా కుదరదు."

ఆరుకు పది నిమిషాలుందనగా లారీ ఇంజను మోగింది. ఖాళీ చేతులతో పైవాళ్లకు ఏం చెప్పాలో అధికారికి తోచలేదు. పళ్లు కొరుకుతూనే గుమాస్తా చేత నలభై ఇళ్లూ ఎక్కించాడు.

నిమిషం తిరక్కుండా ఆ నలుగురితో పాటు ఐదో సాక్షి కూడా సరేనన్నట్టు వచ్చింది. రేకులు దిగాయి. సాక్షుల పేర్లు ఫొటోలతో సహా తెర మీదకొచ్చాయి.

గుమాస్తా ఐదో పేరు దగ్గర ఆగిపోయాడు. గుడారం కుట్టిన ఆవిడ.

అధికారి వానలోకి పరిగెత్తాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆమె కనిపించలేదు.

తడిసి వచ్చి, ఆమె కాదన్న మూడు జాబితాలూ తీయించాడు.

మూడింటిలోనూ మొదట రాసిన ఇల్లు ఆమెదే.