గంట కొట్టిన రోజు మాత్ర

“నాకు అర్థం కాలేదు,” అంది స్టూలు మీది బామ్మ, మూడోసారి.

సొరిన్ చేతిలో మందుల కాగితం కిందికి దించింది. నర్సింగ్ మూడో ఏడు చదివే పిల్ల. మొక్పో రేవు పట్టణంలోని ఆ ఆసుపత్రిలో ఆమెకి అది మొదటి వారం.

“బామ్మా, మందు మీకు కాదు. మంచం మీదున్న బొక్‌నమ్ బామ్మకి. ఆవిడకి అర్థమైంది. చూడండి, తల ఊపుతున్నారు.”

బొక్‌నమ్ మళ్లీ తల ఊపింది. కీళ్లవాతం ఆవిడకి. వేళ్ల కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి. పొద్దున్నించీ ఏం చెప్పినా “ఆఁ, ఆఁ” అంటూ తల ఊపుతూనే ఉంది.

“ఇంతకీ మీరు ఆవిడకి ఏమవుతారు?”

“ఒకే పడవలో వచ్చాం,” అంది స్టూలు బామ్మ, మాచిపత్రి కలిపిన బియ్యప్పిండి ఉండ నోట్లో వేసుకుంటూ. “మళ్లీ మొదట్నుంచీ చెప్పు పిల్లా. నేను వట్టి మొద్దుని.”

సొరిన్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

మధ్యాహ్నం కాలేజీ నుంచి బే టీచర్ వస్తుంది. వచ్చి సొరిన్‌ని ఏమీ అడగదు, రోగిని అడుగుతుంది. “మార్కులు నీ నోటికి కాదమ్మాయ్, ఆవిడ నోటికి,” అని ముందే చెప్పింది.

మార్కుల సంగతి అలా ఉంచితే, మందు మామూలు మందు కాదు. వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

“పసుపు మాత్రలు నాలుగు. నాలుగూ ఒకేసారి. వారానికొక్క రోజే. సోమవారం.”

“మా దీవిలో చేపలకి సోమవారం తెలీదు, మాకూ తెలీదు. సంత రోజు వేసుకుంటే?”

“వద్దు వద్దు! సంత అయిదు రోజులకే వచ్చేస్తుంది.”

“మరి ఎట్లా గుర్తు?”

సొరిన్ ఆలోచనలో పడింది. “మీ దీవిలో చర్చి ఉందా?”

“లేకేం! ఆదివారం గంట కొడతారు. బొక్‌నమ్ బుద్ధుడి గుడికి పోయే మనిషే. అయితే మాత్రం, గంట కొడితే చెవులు మూసుకోదుగా.”

మంచం మీంచి కిసుక్కుమని నవ్వు వినపడింది. తల ఊపడం కాకుండా బొక్‌నమ్ చేసిన మొదటి పని అదే.

“అయితే సోమవారం మర్చిపోండి,” అంది సొరిన్ హుషారుగా. “డాక్టరు గారికి చెప్పి ఆదివారం చేయిస్తాను. గంట కొట్టిన రోజు పసుపు మాత్రలు. మర్నాడు ఈ విటమిన్ మాత్ర. అంతే. మిగతా రోజుల్లో ఆ పొట్లాల జోలికే పోకూడదు.”

“పొట్లం మీద అక్షరాలు నా కళ్లకి ఆనవే!”

సొరిన్ పెన్ను తీసి మొదటి వారం పసుపు మాత్రల పొట్లం మీద గంట బొమ్మ గీసింది. అది గుమ్మడికాయలా వచ్చింది. ఈసారి ముగ్గురూ నవ్వారు. రెండో వారం పొట్లానికి కాస్త గంటలాగే కుదిరింది.

“ఇదిగో పిల్లా, మధ్యలో వేళ్లు సలుపుతాయనుకో. ఇంకో రెండు మింగితే?”

“అస్సలు వద్దు! అప్పటికప్పుడు నొప్పి లాగేసే మందు కాదిది. ఎక్కువైతే ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోతుంది.”

మంచం మీద తల ఊపడం ఆగింది.

“నేనదే చేద్దామనుకున్నా,” అంది బొక్‌నమ్ చిన్నగా.

పొద్దున్నించీ ఊపిన ఆ తలని నమ్మి కాగితం మీద ‘అర్థమైంది’ అని టిక్కు పెట్టబోయింది సొరిన్!

కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. మంచం పక్కనే కూచుని, బొక్‌నమ్ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“నోట్లో పుండ్లు పడితే?” అని ఈసారి బొక్‌నమే అడిగింది.

“పుండ్లు పడినా, జ్వరమొచ్చినా మందు ఆపేసి వెంటనే మాకు ఫోన్ చెయ్యాలి.”

“గంట కొట్టినా మర్చిపోయాననుకో?”

“రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి. దాటితే ఫోన్ చెయ్యండి. రెండు వారాలవి కలిపి మాత్రం ఎప్పుడూ మింగొద్దు.”

స్టూలు బామ్మ ఒళ్లో పడ్డ పిండి దులుపుకుని లేచింది. “నాకు సగమే అర్థమైంది. మిగతా సగం బొక్‌నమ్ ఇంటికొచ్చాక చెప్తుందిలే. పోయి వెల్లుల్లి తవ్వుకోవాలి, పడవ వేళయింది.”

అమ్మయ్య, అనుకుంది సొరిన్.

బే టీచర్ వచ్చేసరికి రేవులో పడవ కూత వినపడుతోంది. బొక్‌నమ్ ఒక్కో పొట్లం చూపిస్తూ గడగడా చెప్పేసింది. అడగని ప్రశ్నలక్కూడా జవాబులిచ్చింది.

“సంత రోజు, చర్చి గంట... ఇవన్నీ నీకెవరు చెప్పారు?” అంది టీచర్ ఆశ్చర్యంగా.

“నేనే ఆలోచించా మేడమ్,” అంది సొరిన్.

టీచర్ వీపు తట్టి వెళ్లింది. సొరిన్ కాళ్లు నేల మీద నిలవలేదు.

“మీరు భలే చురుకు బామ్మా! ఆ స్టూలు బామ్మకే పాపం, ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు.”

బొక్‌నమ్ పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“నాకు అక్షరం ముక్క రాదు పిల్లా. తెలీదని చెప్పడానికి సిగ్గు.”

“అయ్యో... ఎవరికీ చెప్పలేదా?”

“నేను చెప్పకుండానే కనిపెట్టింది ఒక్కరే. నా బదులు తనే మొద్దునంటూ ఈ స్టూలు మీద కూచున్న ఆవిడ, డాక్టరు లేని మా దీవిలో ఇరవై మూడేళ్లు ఒంటిచేత్తో మాకందరికీ మందులిచ్చిన నర్సమ్మ!”