తొడ మీద గీత

నా భార్య ప్రాణం తీసింది మా అక్క. ఇందులో వాదన లేదు.

నా భార్య తడి గచ్చు మీద కాలు జారి పడితే మంచం కోడు తొడకు కొట్టుకుంది. ఎముక విరగలేదు. అరచేతంత నల్లటి మరక, దాని కింద మెత్తటి వాపు.

గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె నెత్తురు పలచబడే మాత్రలు వాడేది. అందుకే ఆస్పత్రిలో నర్సు ఆ మరక చుట్టూ నీలం పెన్నుతో గీత గీసింది.

"చర్మం కింద నెత్తురు పేరుకుంది. మరక ఈ గీత దాటిందంటే లోపల ఇంకా కారుతున్నట్టే. వెంటనే తీసుకురండి. కాపడం పెట్టొద్దు, రుద్దొద్దు."

మర్నాడు అక్కను తోడు ఉంచి, ఆ మాటలన్నీ అప్పజెప్పి, వెల్డింగ్ షాపుకు వెళ్ళాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గదిలో వేడినీళ్ళ ఆవిరి.

"ఏం చేశావక్కా?"

"ఏం చేస్తాను, ఒళ్ళు తుడిచాను. దొంగని చూసినట్టు చూడకు."

నా భార్య నవ్వబోయింది. "వదిన ఇవాళ నన్ను అడుగంటిన గిన్నె తోమినట్టు తోమిందండీ."

ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి.

దుప్పటి తొలగించి చూశాను. మరక గీత లోపలే ఉంది.

"నిన్న ఇంత లేదే."

"గీత దాటిందా? లేదుగా! పిరికితనం నీకు పుట్టుకతో వచ్చిందిరా. కూర్చుని టీ తాగు."

తాగాను.

నా భార్య మంచినీళ్ళు అడిగింది. తాగి, మళ్ళీ అడిగింది. చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట.

"గది తిరుగుతోందండీ."

ఎత్తుకెళ్ళి ఆటోలో వేశాను. అక్క కూడా ఎక్కింది.

ఆస్పత్రిలో అదే నర్సు. తొడ బిగిసి మెరుస్తోంది. ఆమె గీత మీద వేలు పెట్టింది.

"ఇది నేను గీసింది కాదు."

ఆ నలుపులోనే, బెత్తెడు లోపలగా, చెరిగీ చెరగని గీత తునక చూపించింది.

స్ట్రెచర్ లోపలికి పరుగు తీసింది.

అక్క గోడకు ఆనుకుంది. "కాపడం పెడితే వాపు కరుగుతుందనుకున్నాన్రా. గీత చెరిగిపోయింది. నువ్వు తిడతావని, అది కునుకు తీస్తుంటే మళ్ళీ గీశాను. మరక ఎంతుంటే అంత చుట్టూ..."

డాక్టరు బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. తీసేశాను.

అక్క ఇప్పటికీ వస్తుంది. గడప అవతలే నిలబడుతుంది.

"ఒక్కసారి తిట్టరా తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను."

తిట్టను. ఆ సంగతి ఇక ఎత్తను. ఆమె దగ్గరా, మరెవరి దగ్గరా.