ఎత్తెక్కని పికప్

"ముందు చక్రాలు కూడా లాగేలా బండిని మార్పిస్తున్నా. ఆ ఖర్చుకి నిన్ను పనిలోంచి తీసెయ్యక తప్పదు," అన్నాడు కుర్చీల వ్యాపారి, పాత పికప్‌ను స్టార్టు చేస్తూ.

"అంతేలే బావా, తిండికి తిమ్మరాజుని!" లావుపాటి బావమరిది అలిగి, పక్క సీటు వదిలేసి, పెట్టెతో సహా వెనక తొట్టిలో కూర్చున్నాడు.

అతను ఊరికి బస్సెక్కాల్సిన బస్టాండు ఎత్తు మీద ఉంది. ఖాళీగా వెళితే వెనక చక్రాలు జారి ఏనాడూ సగం దాటని బండి, ఇవాళ మూలుగుతూనే పైకెక్కేసింది.

వ్యాపారి దిగి, జారని వెనక చక్రాలనూ, వాటి మీద బరువుగా కూర్చున్న బావమరిదినీ మార్చి మార్చి చూశాడు. మార్పుల ఖర్చు కన్నా ఇతని తిండి చౌకే.

"బస్సొచ్చింది, వస్తా."

"దిగకు! నీ ఉద్యోగం నీదే."

"ఏం పని చెయ్యాలి?"

"అక్కడే కూర్చో. మీ అక్కతో చెప్పి రోజూ రెండు ముద్దలు ఎక్కువే పెట్టిస్తా."