మూడు రెళ్ళు

“ఛీ, పాడు ముక్కలు! నా మొహంలాగే ఉన్నాయి,” అని వదిన సణిగింది.

మరిది తన ముందున్న అగ్గిపుల్లలన్నీ పందెంలోకి తోసేశాడు. చేతిలో జంట రాజులున్నాయి మరి.

వదిన ముక్కలు పరిచింది. మూడు రెళ్ళు! వాటి ముందు జంట రాజులు బలాదూర్.

“పోకర్‌లో అన్నయ్య కూడా నన్నిలాగే ముంచేవాడు. ఎప్పుడు నేర్చుకున్నావు?”

“పక్కన కూర్చుని చూసేదాన్నిగా. ముక్కలు బాగుంటే సణిగేవారు. ఏమీ లేనప్పుడే నవ్వేవారు.”

మరిది చెయ్యి పేక మీదే ఆగిపోయింది. ఆ రోజు ఆసుపత్రి మంచం మీద అన్నయ్య నవ్వుతూనే అన్నాడు: “నాకేంరా, నిక్షేపంలా ఉన్నాను. నువ్వు ఊరెళ్ళిరా.” అతను వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ.

బయట టాక్సీ హారన్ మోగింది.

“ఇక బయల్దేరు,” అంది వదిన, పుల్లలు పెట్టెలో సర్దుతూ. “ఒక్కదాన్నే ఉంటానని బెంగపడకు. నాకేం, నిక్షేపంలా ఉన్నాను.”

నవ్వింది. అచ్చం అన్నయ్య నవ్వే.

మరిది వెళ్ళి టాక్సీని పంపించేసి వచ్చాడు.

“ముక్కలు పంచు వదినా.”

ఆమె మొహంలో నవ్వు చెదిరిపోయింది.

“నీకు వేరే పనేం లేదూ?” అని సణుగుతూ అగ్గిపెట్టె మళ్ళీ తెరిచింది.