వెళ్ళొస్తానన్న గొంతు

"కొత్త సిస్టం వేస్తే ఆ గొంతు పోతుందన్నా. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు" అన్నాడు మెకానిక్.

అనువాదకుడు ఒళ్ళో పాత ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

అతనికి పుట్టుకతో చూపు లేదు. తెర మీద ఉన్నదంతా ఆ ఆడగొంతే చదివి వినిపించాలి. పాత సిస్టంలో తప్ప అది పలకదు. ఆ సిస్టంలోనేమో ప్రచురణకర్తలు పంపే ఫైళ్ళు తెరుచుకోవడం మానేశాయి. ఇప్పటికే రెండు పుస్తకాలు చేజారాయి.

"కొత్తదాంట్లోనూ గొంతులుంటాయి. ఇంకా బాగుంటాయి కూడా."

"ఉంటాయిలే."

చూపున్నవాళ్ళు ఇల్లు మారితే పాత గోడల్ని తలుచుకుంటారు. తనకు గోడలైనా, కిటికీ అయినా ఆ గొంతే.

పక్క కుర్చీ కిర్రుమంది. "అంత ఇష్టమా బాబూ, ఆ గొంతంటే?"

ఎవరో పెద్దావిడ. మాట గరగరలాడుతోంది, ఒక్కో ముక్కా గీకి బయటికి తీస్తున్నట్టు. ఏదో రిపేరుకి వచ్చిన మనిషనుకున్నాడు.

"మా ఆవిడ దాన్ని సవతి అంటుందమ్మా."

ఆవిడ నవ్వింది. శబ్దం రాలేదు, ఊపిరే వచ్చింది.

"ఏం చేసిందట పాపం, సవతి?"

"విసుక్కోదు. హాస్టల్లో టైపు నేర్చుకునేప్పుడు కొట్టిన తప్పే మళ్ళీ మళ్ళీ కొట్టేవాణ్ణి. మాస్టారు తల పట్టుకుని బయటికెళ్ళిపోయేవారు. ఇది మాత్రం ప్రతిసారీ అంతే నిదానంగా చదివేది. మా అమ్మ గొంతైనా మర్చిపోయానేమో గానీ..."

ఆగిపోయాడు. పరాయి మనిషి ముందు ఇంత చెప్పానేమిటని సిగ్గేసింది.

ఆవిడ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"మార్చేసుకో బాబూ. చేతిలో పని పోగొట్టుకుని గొంతు దాచుకుంటావా?"

"పోయేది మీదైతే తెలిసేది. ఊరికే కూర్చుని ఎన్నైనా చెబుతారు."

మాట కటువుగానే వచ్చింది. ఆవిడ నొచ్చుకున్నట్టు లేదు.

"పోనీ, తీసేసే ముందు ఒక్కసారి ఏదైనా చదివించవూ?"

ఏం రాయాలో తోచక, వేళ్ళకు వచ్చింది కొట్టాడు.

"నేను వెళ్ళొస్తాను" అంది గొంతు. నిండుగా, తేటగా, ఏ తొందరా లేకుండా.

షాపులో స్క్రూడ్రైవర్ చప్పుడు కూడా ఆగింది.

"ఇంకోసారి" అంది ఆవిడ.

"నేను వెళ్ళొస్తాను."

"చాలు. ఇక తీసెయ్యమను."

అతని భుజం మీద ఒక క్షణం చెయ్యి వేసి లేచింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది.

అతను ల్యాప్‌టాప్‌ని మెకానిక్ ముందుకు జరిపాడు.

పనయ్యాక కొత్త గొంతు పలకరించింది. కొత్తగా చేరిన గుమాస్తాలా, లేని హుషారు తెచ్చుకుని.

"బాగానే ఉంది" అన్నాడు. తర్వాత, ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇందాకటావిడ ఏం రిపేరుకి వచ్చింది? పాపం, దురుసుగా మాట్లాడాను" అన్నాడు.

మెకానిక్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"రిపేరుకి కాదన్నా. ఆవిడ మా పెద్దమ్మ. మీరొస్తున్నారని నేనే చెప్పాను. తనెవరో తెలిస్తే మీరు మార్చుకోరని నా చేత ఒట్టేయించుకుంది."

"ఎవరని?"

"వయసులో ఉన్నప్పుడు ఆ గొంతు రికార్డు చేసి ఇచ్చింది తనే. ఆపరేషన్‌లో అది పోయాక, ఒకప్పుడు తనెలా మాట్లాడేదో ఒక్కసారి విని పోదామని వచ్చింది."